టెంకాయ మేడంగారు

మా కాలేజీ పాతవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ ఉదయం ఎవరో ఆవిడ ఫొటో పెట్టి, కింద జోడించిన చేతుల బొమ్మ అతికించారు. నేనప్పుడు రాజోలు బస్సులో ఉన్నాను. ఫొటో చూడగానే విషయం అర్థమైంది. కింద వరసగా సంతాపాలు వచ్చిపడుతున్నాయి. ఒకాయన ఆవిడ గౌరవార్థం సభ పెడదామని ఇంగ్లీషులో రాస్తూ ‘ఆనర్’ అనే మాటని యూ లేకుండా రాశారు. కాసేపటికి ఆయనే దాన్ని చెరిపేసి, యూ పెట్టి మళ్ళీ రాశారు. బస్సులో ఒక్కదాన్నే నవ్వేశాను. పక్కసీటావిడ చూస్తుంటే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో నేను తెలుగు చెప్పేదాన్ని, ఆవిడ ఇంగ్లీషు చెప్పేవారు. స్టాఫ్‌రూములో మా ఇద్దరికీ కలిపి ఒకటే బల్ల. ఆవిడది అనంతపురం వైపు మెట్ట ఊరు. భర్తకి ఇక్కడి కాలవల ఆఫీసుకి బదిలీ అయితే ఆయనతో వచ్చి, మా కాలేజీలో చేరారు. కొన్నేళ్ళకి ఆయన గుండెజబ్బుతో పోయారు. పిల్లల్లేరు. అందరూ ఆవిడ సొంత ఊరికి వెళ్ళిపోతారనుకున్నారు. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని నేనోసారి అడిగితే, “ఈడ నీళ్ళుండాయి గదా” అన్నారు.

ఆవిడ ఎర్ర ఇంకుతో పేపర్లు దిద్దేవారు కాదు. ఆకుపచ్చ పెన్ను వాడేవారు. పిల్లలు కలర్, ఆనర్, లేబర్ లాంటి మాటలు యూ లేకుండా రాస్తే, ఓకీ ఆర్‌కీ మధ్య చేపల గాలంలాగా చిన్న వంపు గీసేవారు. పేపర్లు తిరిగి చేతికొచ్చిన రోజున క్లాసులో “నాకు మూడు గాలాలు పడ్డాయిరా”, “నాకైదు” అని లెక్కలు వినపడేవి. గాలానికో అర మార్కు పోయేది. పిల్లలకి ఫోన్లు వచ్చాక, వాళ్ళు చూసే వీడియోల్లో, ఆడే ఆటల్లో అంతా అమెరికా స్పెల్లింగే కావడంతో గాలాలు మరీ ఎక్కువయ్యాయి.

ఆవిడ ఫోనుదీ అదే దారి. ఇంగ్లీషులో ఏదైనా టైపు చేస్తే యూ ఉన్న ప్రతి మాట కిందా ఎర్రగీత పడేది. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని ఫోను దగ్గరగా పట్టుకుని, “నాకే గీత గీస్తాండావా? నువ్వు పుట్టకముందే వచ్చు నాకు ఈ స్పెల్లింగు” అని దాన్ని గట్టిగా కోప్పడేవారు. సెట్టింగుల్లోకి వెళ్ళి బ్రిటిష్ ఇంగ్లీషు పెడితే ఆ గీత రాదని చెప్పాను. పెడతానని చెయ్యి కూడా చాపాను. ఫోను వెనక్కి లాక్కున్నారు.

“వద్దులే. గీసుకోనీ. రోజూ ఎవరితోనైనా కొట్లాట ఉండాల మనిషికి” అన్నారు.

ఆ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. ఆవిడ తండ్రి వాళ్ళ ఊరి బడిలోనే పంతులట. ఇంట్లో నాయనే, బడిలో మాత్రం సారు. యూ మర్చిపోతే అరచేతి మీద బెత్తం పడేదట. “ఒక్కో యూ దెబ్బ తిని సంపాదించుకున్నా. ఊరికే పోనిస్తానా?” అనేవారు నవ్వుతూ.

టెంకాయ మేడం అనే పేరు పిల్లలు పెట్టింది. దానికో కథ ఉంది, ఆవిడే చెప్పేవారు. అమలాపురం వచ్చిన మొదటివారంలో పూజకి కావాలని బజారుకెళ్ళి, కొట్టతన్ని “ఒక టెంకాయ ఇయ్యప్పా” అని అడిగారట. కొట్టతను చేతులు కట్టుకుని, “టెంకలు అమ్మమండీ. ఇది మామిడికాయల సీజను కూడా కాదండీ” అన్నాడట. అతని వెనక నడుమెత్తు కొబ్బరికాయల రాశి. ఆవిడ వేలు పెట్టి చూపిస్తే, “ఓ, కొబ్బరికాయాండీ! అలా చెప్పాలి కదండీ” అంటూ మంచికాయ ఏరి, మోగించి మరీ ఇచ్చాడట. కొట్టు ముందున్న వాళ్ళందరూ నవ్వారు.

“మీవాళ్ళు మర్యాదగా నవ్వుతారు పాపా” అనేవారు నాతో. “మా పక్క అయితే మొహం మీద నవ్వుతారు, నేనూ నాలుగు మాటలంటా, ఆడికి సరిపోతాది. మీవాళ్ళు అండీ అని నవ్వుతారే, దానికి ఏమనాలో తెల్దు.”

ఎన్నేళ్ళున్నా ఆవిడ కొబ్బరికాయ అనలేదు. కొబ్బరితోటల మధ్య బతుకుతూ టెంకాయ అనే అన్నారు. ఒకసారి క్లాసు బయట ఒక కుర్రాడు ఆవిడ వెనకే ఉన్నారని చూసుకోకుండా, “టెంకాయ మేడంగారు ఇయ్యాల రాలేదంటరా” అన్నాడు. వెనకనుంచి “వచ్చింది, లోపలికి పద” అని వినపడేసరికి వాడు తల వంచుకుని క్లాసులోకి దూరిపోయాడు. ఆవిడ దాని గురించి మళ్ళీ ఎత్తలేదు. పేరుకి చివర ‘గారు’ తగిలించారు కదా, ఇంకేం కావాలి అని నాతో అన్నారు.

బజారులో ఆవిడతో నడవడం మహా కష్టం. బోర్డులన్నీ చదువుతారు. గడియారస్తంభం దగ్గర ఒక బట్టలకొట్టుకి రెండు బోర్డులుండేవి. పైబోర్డు మీద ‘సెంటర్’ చివర ఆర్ఈ అని ఉంటే, గుమ్మం పక్క బోర్డు మీద ఈఆర్ అని ఉండేది. ఆవిడ ఒకరోజు లోపలికెళ్ళి యజమానితో, “చూడప్పా, ఆర్ఈ పెట్టించు రెండిటికీ” అన్నారు. అతను లేచి నిలబడి, “ఆయ్, అలాగేనండీ. రేపే పెట్టించేస్తానండీ” అన్నాడు. ఆవిడ సంబరంగా బయటికొచ్చారు. ఆ బోర్డులు మారలేదు. వెళ్ళినప్పుడల్లా అతను లేచి నిలబడి ఆయ్ అంటూనే ఉన్నాడు. “మీ ఆయ్‌కి అర్థం ‘వింటున్నాను’ అని. నేను ‘చేస్తాను’ అని అనుకుంటి” అని చాలా రోజులు నవ్వుకున్నారు.

నాతో మాత్రం ఒక్క విషయంలో వాదనకి దిగేవారు. నేను పిల్లల తెలుగు వ్యాసాల్లో యాస మాటలు కొట్టేసి పక్కన పుస్తకాల మాట రాసేదాన్ని. ఒక మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ, “మీ వాచకంలో ఉండేది ఎవరి తెలుగు పాపా?” అని అడిగారు.

“అందరిదీ అండీ” అన్నాను.

“మాది కాదు. ఆ సముద్రం పక్కనుంచి వచ్చే పిల్లలదీ కాదు. ఇంచుమించు కొత్తపేటలో మీ ఇంట్లో మాట్లాడేదే. అదృష్టవంతురాలివి, పుట్టుకతోనే వ్యాకరణం వచ్చేసింది నీకు.”

“మరి మీరు యూ లేదని మార్కులు తీసేస్తారు కదండీ?”

“అది వేరే” అన్నారు. కాసేపు తిని, “అది ఇంగ్లీషు” అన్నారు. అది వేరే ఎలా అవుతుందో ఇద్దరికీ తెలియదు. ఆ రోజుకి వదిలేశాం.

అది వేరే కాదని తేలింది నాగవేణి వల్ల.

నాగవేణి అల్లవరం అవతల, సముద్రం పక్క ఊరి పిల్ల. తండ్రి రొయ్యల చెరువుల దగ్గర కాపలా పని, తల్లి రొయ్యలు వలిచే షెడ్డుకి వెళ్ళేది. పిల్లకి ఇంగ్లీషంటే పిచ్చి. ఫోనులో వీడియోలు చూసి చూసి నేర్చుకుంది. క్లాసులో అందరికన్నా ఎక్కువ గాలాలు ఆ పిల్లకే పడేవి, అందరికన్నా ఎక్కువ మార్కులూ ఆ పిల్లకే వచ్చేవి.

కాలేజీ వార్షికోత్సవానికి ఆ ఏడు ఇంగ్లీషు స్పెల్లింగు పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళు కాలేజీ తరఫున విజయవాడ వెళ్ళాలి. న్యాయనిర్ణేతలు ఇద్దరు: మా మేడంగారు, యాజమాన్యం పిలిపించిన ఒక రిటైర్డు ఆఫీసరుగారు. నేను ముందు వరసలో కూర్చున్నాను. చివరికి స్టేజీ మీద నాగవేణి, ఇంకో అమ్మాయి మిగిలారు. నాగవేణికి ‘నైబర్’ వచ్చింది. జి, హెచ్ దగ్గర అందరూ తడబడే మాట అది. ఆ పిల్ల తడబడకుండా చెప్పేసింది. చివర యూ లేకుండా ఓ, ఆర్ అని ముగించింది.

“రాంగ్” అన్నారు ఆఫీసరుగారు.

నాగవేణి మైకు వదల్లేదు. “కాదండి. అలాగ్గూడా రాత్తారండి” అంది.

హాలంతా నవ్వింది. స్పెల్లింగుకి కాదు ఆ నవ్వు, ‘రాత్తారు’ అన్నందుకు. ఆఫీసరుగారు కూడా నవ్వి, “ముందు తెలుగు సరిగ్గా మాట్లాడమ్మా. ఇంగ్లీషు సంగతి తర్వాత చూద్దాం” అన్నారు. నవ్వు రెట్టింపయింది. పిల్ల మైకుని స్టాండులో నెమ్మదిగా పెట్టి, పక్కమెట్లు దిగి వెళ్ళిపోయింది.

మేడంగారు వెంటనే లేవలేదు. బల్ల మీద ఉన్న పెన్ను వంక చూస్తూ కూర్చున్నారు. తర్వాత లేచి మైకు దగ్గరికి వెళ్ళారు. ఇంగ్లీషులో మాట్లాడతారనుకున్నాం. తెలుగులో, అదీ ఆవిడ సీమ తెలుగులో మొదలుపెట్టారు.

“ఆ పాప చెప్పింది కరెక్టే. అమెరికాలో అట్లే రాస్తారు. నాకు ఆ స్పెల్లింగు నచ్చదు, మీకందరికీ తెలుసు. నచ్చకపోయేది వేరే, తప్పయ్యేది వేరే. ఇంగ ఆ పాప మాట్లాడిన తెలుగు. అది వాళ్ళమ్మ తెలుగు. నేను మాట్లాడతాండేది మా అమ్మది. ఏదీ, నవ్వండి చూద్దాం.”

ఎవరూ నవ్వలేదు. ఆఫీసరుగారు మొహం ఎర్రగా చేసుకుని గడియారం చూసుకున్నారు. నిర్వాహకులు కంగారుపడి, నాగవేణికి ఇంకో మాట ఇస్తాం, పిలవండి అన్నారు. ఎవరో బయటికి పరిగెత్తారు. అప్పటికే ఆ పిల్ల అల్లవరం ఆటో ఎక్కేసింది. బహుమతి రెండో అమ్మాయికి వెళ్ళింది. విజయవాడకీ ఆ అమ్మాయే వెళ్ళింది. దాన్ని ఎవరూ మార్చలేకపోయారు.

తర్వాత నాగవేణి కాలేజీకి రావడం మానేసింది. వారం గడిచింది. ఒక శనివారం మేడంగారు మా బల్ల దగ్గరికి వచ్చి, “అల్లవరం పోదాం, వస్తావా? నా మాట వాళ్ళకి అర్థం కాకపోతే నువ్వు చెప్దువు” అన్నారు. ఆటోలో దారంతా ఆవిడ ఒక్క బోర్డు కూడా చదవలేదు.

ఇల్లు రొయ్యల చెరువుగట్టుకి దగ్గర్లో ఉంది. చెరువులో రొయ్యలకి గాలి అందించే చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి, ఆ చప్పుడుకి కాస్త గట్టిగా మాట్లాడాలి. తల్లి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తుడిచి వేసింది.

“కూకోండి. దానికి ఒంట్లో బాగోలేదండి” అంది.

“ఒంట్లోనా, మనసులోనా?” అన్నారు మేడంగారు.

తల్లి తల దించుకుంది. “మా మాటకి అందరూ నవ్వేరంటండి. నేనూ ఇలాగే మాటాడతానండి. మాయమ్మా ఇలాగే మాటాడేదండి. ఇది నవ్వుకునే మాట అని ఇప్పుడే తెలిసిందండి మాకు. ఇంక సదువొద్దు, నాతో సెడ్డుకి ఒచ్చేయమంటన్నారండి వాళ్ళ నాన్న.”

నాగవేణి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మేడంగారు రమ్మంటే రాలేదు. అక్కణ్ణుంచే అంది:

“రాక తప్పు సెప్తే నవ్వేరనుకోండి, ఏమనుకోనండి. వొచ్చే సెప్పేను కదండి. అయినా నవ్వేరు.”

“తెలుసు పాపా. నేనూ ఆడే ఉంటి.”

“మీరూ అంతే కదండి.” పిల్ల అక్కడితో ఆగలేదు. “నా పేపర్లనిండా గాలాలే ఏసేరు. మార్కులు తీసేసేరు. ఆయన ఒక్కసారే తప్పన్నారండి. మీరు రెండేళ్ళ నుంచీ అంటన్నారు.”

తల్లి హడలిపోయి, “ఏటే ఆ మాటలు!” అంది. మేడంగారు చెయ్యెత్తి ఆవిణ్ణి ఆపారు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

“తీసినా” అన్నారు చివరికి. “మా నాయన కొట్టి నేర్పినాడు నాకు. దెబ్బలు తిని నేర్చుకున్నది ఒక్కటే నిజమనుకుంటి. మొన్న ఆ ఆఫీసరు నిన్ను తప్పన్నాడే, అప్పుడు నాకు ఆయన గొంతు వినపళ్ళా. నాదే వినపడె. ఇంగ తియ్యను. కానీ ఒక మాట. ఒకే పేపర్లో ఒక చోట యూ పెట్టి, ఇంగో చోట ఎగరగొట్టినావంటే మాత్రం తీస్తా. ఏదో ఒకటి పట్టుకో. దాన్ని కడదాకా వదలొద్దు.”

పిల్ల ఆలోచించింది. “అది నాయమేనండి” అంది.

ఆ ఇంట్లో ఏదో బరువు దిగినట్టయింది. తల్లి కొబ్బరిబొండాలు కొట్టి తెచ్చింది. మేడంగారు ఆగకుండా తాగి, మూతి తుడుచుకుని, “మీ టెంకాయ నీళ్ళు బాగుండాయి” అన్నారు. నాగవేణి పకాలున నవ్వేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నవ్వుకో. నాకేం కాదు. ముప్ఫై ఏళ్ళ నుంచి నవ్వుతాండారు మీరు” అన్నారు ఆవిడ. “సోమవారం వస్తావా?”

“వత్తానండి.”

వచ్చింది. తండ్రిని తల్లే ఒప్పించుకుందట. ఆ ఏడాదంతా అమెరికా స్పెల్లింగే రాసింది, ఒక్కచోట కూడా కలపకుండా. ఆ పిల్ల పేపరు చేతికొచ్చినప్పుడు మేడంగారు ఆకుపచ్చ పెన్నుకి మూత పెట్టేసి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చదివేవారు. “చెయ్యి దురద పెడతాది పాపా, అందుకే” అనేవారు. మరుసటి ఏడు నుంచి యాజమాన్యం ఆవిణ్ణి ఏ పోటీకీ జడ్జిగా పిలవలేదు. “మంచిదే, ఆ పూట ఇంటికాడ నిద్రపోతా” అన్నారు. నేను ఆ తర్వాత పిల్లల వ్యాసాల్లో యాస మాటల్ని కొట్టేయకుండా కింద గీత గీసి, పక్కన రెండో మాట రాయడం మొదలుపెట్టాను. ఆవిడ చూశారు. ఆ రోజు క్యారేజీలో తెచ్చుకున్న చెనిక్కాయల పచ్చడి, అంటే మా వేరుశనగ పచ్చడి, సగం నా గిన్నెలో వేశారు.

రిటైరయ్యాక కూడా అమలాపురంలోనే, అదే అద్దెవాటాలో ఉండిపోయారు. ఇల్లుగలావిణ్ణి మేమందరం పిన్నిగారు అంటాం. సాయంత్రాలు వాళ్ళిద్దరూ వరండాలో కూర్చుని మాట్లాడుకునేవారు. నేను వెళితే నాకో పీట. ఆవిడ పోవడం కూడా అక్కడే, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినప్పుడు, ఎవరినీ కష్టపెట్టకుండా.

ఆవిడ పోయిన మూడో రోజున పిన్నిగారింటికి వెళ్ళాను. ఐ.పోలవరం దగ్గర స్కూల్లో ఇంగ్లీషు చెబుతున్న నాగవేణి సెలవు పెట్టి వచ్చి, అందరికీ టీలు అందిస్తోంది. అనంతపురం నుంచి మేడంగారి చెల్లెలు వచ్చారు. ఆవిడ నోరు తెరిచి “రాండి, కూర్చోండి” అనగానే ఉలిక్కిపడి చూశాను. అదే గొంతు. కళ్ళు మూసుకుంటే ఎవరు మాట్లాడుతున్నారో చెప్పలేం.

చెల్లెలు గోడకి ఆనుకుని కూర్చుని, మెల్లగా ఏవో చెబుతున్నారు. “మా అక్క ఫోను చేస్తే మా పిల్లోళ్ళు స్పీకరు పెట్టుకుని నవ్వుతాండిరి. మాటకి ముందు అండీ, మాటకి ఎనక అండీ. మధ్యలో ఆయ్ అనేది. గోదారి పెద్దమ్మ అని పేరు పెట్టినారు. నేనూ అంటాంటి, నువ్వు మా మాట మర్చిపోతివి కదక్కా అని. పలికేది కాదు.”

పిన్నిగారు ఆశ్చర్యంగా చూశారు. “అదేంటండీ! మాకెప్పుడూ ఆవిడ నోట మీ మాటే వినపడేదండీ. ‘ఎట్ల’ అనేవారు, ‘యాడికి’ అనేవారు. ఇన్నేళ్ళలో మా మాట ఒక్కటి పట్టుబడలేదని మేం వేళాకోళం చేసేవాళ్ళమండీ.”

“నిజంగానా?” అన్నారు చెల్లెలు.

“నిజమండీ” అంది నాగవేణి, టీ గ్లాసులు కింద పెట్టి. “కాలేజీ అంతటికీ తెలుసండి.”

చెల్లెలు ఒకసారి పిన్నిగారి వైపు, ఒకసారి నా వైపు చూశారు. నేను అవునన్నట్టు తలూపాను. అంతసేపూ నిబ్బరంగా ఉన్న మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. “మర్చిపోలేదన్నమాట” అన్నారు. “అంత మాట అంటిమే దాన్ని, మర్చిపోలేదన్నమాట.”

పిన్నిగారు జరిగి ఆవిడ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకున్నారు.

“మూడు రోజులై ఇల్లు బోసిపోయిందండీ. మీది అచ్చం ఆవిడ గొంతేనండీ. ఏదో ఒకటి మాట్లాడండీ, వింటాం” అన్నారు.

“ఏం మాట్లాడాల?”

“ఏదైనా సరేనండీ.”

చెల్లెలు కళ్ళు తుడుచుకున్నారు. “మా పక్క ఈసారి వాన సరిగా పళ్ళేదు” అని మొదలుపెట్టారు. “చెనిక్కాయ ఏసినోళ్ళంతా మబ్బు దిక్కే చూస్తాండారు...”

పిన్నిగారు కళ్ళు మూసుకుని వింటున్నారు.